నేల కింది గోడ: పిల్లల చేతి పలకలతో ఒక ప్రాజెక్టు డైరీ

గోడ ఖాయమైంది

మా బడి పిల్లలు మట్టితో చేసి కాల్చే పలకలను (టైల్స్‌ను) అతికించడానికి మెట్ల పక్క గోడకే అందరూ ఒప్పుకున్నారు. మొదటినుంచీ నా మనసు దాని మీదే ఉంది. అన్ని తరగతుల పిల్లలూ రోజూ ఆ పక్కగానే ఎక్కి దిగుతారు. వాన జల్లు తగలదు, ఎండ నేరుగా పడదు. ఒక్కటే చిక్కు, దాని మీద పొరలు పొరలుగా పాత రంగు ఉంది. రంగు మీద పలకలు అతికిస్తే అవి గుజ్జును గట్టిగానే పట్టుకుంటాయి, గుజ్జు రంగును పట్టుకుంటుంది, కానీ రంగు గోడను పట్టుకోదు. కొన్నాళ్లకు పలక రంగు పొరతో సహా ఊడి కింద పడుతుంది. పిల్లలు నడిచే చోట అది జరగకూడదు. అందుకే రంగంతా గీకించి, గోడకు ఉలితో గంట్లు పెట్టించాలని నిర్ణయించాం.

రెండు మీటర్ల అల్యూమినియం పట్టీ ఆనించి చూస్తే గోడ మధ్యలో ఏడు మిల్లీమీటర్ల లోతు కనిపించింది. మూడు దాటితే చేతితో చేసిన పలకలకు కష్టం, ఎందుకంటే అవి ఎలాగూ సరిసమానంగా ఉండవు. తాపీ మేస్త్రీ మళ్లీ ప్లాస్టరింగు చేస్తానన్నారు. కొత్త ప్లాస్టరింగు ఆరి గట్టిపడటానికి 28 రోజులు ఇవ్వాలి. ఆ రోజులన్నీ మాకు మట్టి పనికి సరిపోతాయి.

24 నిలువు వరుసలు, 12 అడ్డు వరుసలు, మొత్తం 288 పలకలు. కాల్చిన పలక 150 మిల్లీమీటర్లు, సందు 5 మిల్లీమీటర్లు. అంటే గోడ మీద సుమారు 3.7 మీటర్ల వెడల్పు, 1.9 మీటర్ల ఎత్తు.

ఏం బొమ్మ?

ఆకాశం, రాకెట్టు, సముద్రం, ఆట మైదానం: బోర్డు నిండిపోయింది. చివరి బెంచీ నుంచి ఆరో తరగతి పిల్ల ఒకతె లేచి, "మట్టితోనే చేస్తున్నాం కదా మేడం, మట్టి లోపల ఏముందో చేద్దామా?" అంది. గదిలో ఇక వేరే ఆలోచన నిలవలేదు.

పై రెండు వరుసలు గడ్డి, మొక్కల మొదళ్లు. వాటి కింద ఆకులు కుళ్లి నల్లబడిన పైమట్టి. ఆ తర్వాత ఎర్రటి గట్టి మట్టి, దాని కింద పగిలిన రాళ్లు, అడుగున నీరు. పై నుంచి ఒక పెద్ద చెట్టు వేరు దిగి, పాయలుగా చీలి, గోడంతా పాకుతుంది. చీమల పుట్ట, వానపాములు, మొలకెత్తే గింజ, బొరియలో ఎలుక, ఎవరో పారేసుకున్న గోలీ... ఇక పిల్లల ఇష్టం.

ఇక్కడే నాకు ఒక పట్టుదల ఉంది. పిల్లలు కలిసి చేసిన గోడలు చాలా చూశాను. కొన్నింటిలో ప్రతి పలకా బాగుంటుంది, గోడ మాత్రం గందరగోళంగా ఉంటుంది. కొన్నింటిలో గోడ చక్కగా ఉంటుంది కానీ పెద్దవాళ్లు గీసిన గీతల్లో పిల్లలు రంగులు నింపారంతే. ఈ రెండూ వద్దు. కట్టడి రంగుల మీద పెడతాం, చేతుల మీద పెట్టం. ఆరు రంగులు మాత్రమే: నలుపు, రెండు గోధుమ ఛాయలు, ఆకుపచ్చ, నీలం, తెలుపు. ఈ ఆరింటిలో ఎవరు ఏం చేసినా నేల నేలగానే కనబడుతుంది.

ఇంకో నియమం మెరుపు గురించి. ప్రాణమున్నవాటికి, నీటికి మాత్రమే మెరిసే గ్లేజు (బట్టీలో కరిగి గాజులా మారే పూత) వేస్తాం. మట్టి, రాళ్లు గ్లేజు లేకుండా పొడిగా, గరుకుగా ఉంటాయి. మెట్లు ఎక్కే పిల్లవాడు వేలితో తడిమినా ఎక్కడ ప్రాణముందో తెలియాలి.

లెక్కల మాస్టారి గంట

మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుదించుకుపోతుంది. ఎంత అనేది మట్టిని బట్టి మారుతుంది కాబట్టి మన మట్టితోనే కొలవాలి. నమూనా పట్టీ మీద పచ్చిగా ఉండగా సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత గీశాం. ఆరాక అది 95 అయింది, మొదటి కాల్పు తర్వాత 94, 1220 డిగ్రీల రెండో కాల్పు తర్వాత 91. అంటే మొత్తం 9 శాతం.

ఈ అంకెలు తీసుకుని లెక్కల మాస్టారు ఎనిమిదో తరగతిలోకి వెళ్లారు. నేను వెనక కూర్చున్నాను. "గోడ మీద పలక 150 ఉండాలి. పచ్చి పలక ఎంత కోయాలి?" అని అడిగారు. దాదాపు అందరూ 150కి 9 శాతం కలిపి 163.5 అన్నారు. మాస్టారు కాదనలేదు. "సరే, ఇప్పుడు దాన్ని కాల్చండి" అన్నారు. 163.5లో 9 శాతం తీసేస్తే 148.8 వచ్చింది. పిల్లలు నోట్సుల్లోకి తిరిగి తొంగిచూశారు. కాసేపటికి ఒక అబ్బాయి, "కుదింపు పచ్చి కొలతలోంచి పోతోంది సార్, మనం కాల్చిన కొలత మీద లెక్కేశాం" అన్నాడు. 150ని 0.91తో భాగిస్తే 164.8. చట్రాలు 165కి కోయించాం. పలకకు 1.2 మిల్లీమీటర్ల తేడా అంటే చిన్నదిగానే అనిపిస్తుంది. 24 పలకల వరుసలో అది దాదాపు మూడు సెంటీమీటర్లు అవుతుంది.

మట్టి, కర్రలు, వెనుక వైపు

కాల్చిన మట్టి రవ్వ కలిసిన గరుకు మట్టినే ఎంచుకున్నాం. ఆ రవ్వ వల్ల పలక తక్కువ వంగుతుంది, తేమ సులువుగా బయటికి వస్తుంది. పచ్చి పలకకు అర కిలో పైగా పడుతుంది, కోతల్లో పోయేది కలుపుకుని 220 కిలోలు తెప్పించాం. కోసేసిన ముక్కలను మళ్లీ పిసికి వాడుతున్నాం.

పనిచేసే తీరు ఇది. గుడ్డ పరిచి, మట్టిముద్దకు రెండు వైపులా 10 మిల్లీమీటర్ల మందం ఉన్న కర్రలు పెట్టి, వాటి మీదుగా రోలరు దొర్లించాలి. అలా అయితే ఎవరు దొర్లించినా మందం ఒక్కటే వస్తుంది. ఒకసారి దొర్లించాక తిరగేసి మళ్లీ దొర్లించాలి, రెండు ముఖాలూ సమానంగా అదమాలి. పలకను మూల పట్టుకుని ఎత్తకూడదు. అలా ఎత్తితే మట్టి వంగుతుంది; మనం మళ్లీ చదును చేసినా ఆ వంపును అది మరిచిపోదు, బట్టీలో బయటపెడుతుంది. అందుకే గుడ్డతో సహా ఎత్తి చెక్క మీదికి మారుస్తున్నాం.

వెనుక వైపు ఎవరికీ కనబడదు కానీ పని సగం అక్కడే ఉంది. దువ్వెన పళ్ల పనిముట్టుతో గాడులు గీయాలి, గోడ గుజ్జు వాటిలోకి దిగి పట్టుకుంటుంది. ఆ పక్కనే పలక చిరునామా: అడ్డు వరుసకు అక్షరం, నిలువు వరుసకు అంకె, పై వైపు ఎటో చూపే బాణం. పెన్సిలు, పెన్ను రాతలు బట్టీలో కాలిపోతాయి. మట్టిలో గీరింది మాత్రం ఎక్కడికీ పోదు. అక్షరాల ఎంపికలో చిన్న తరగతి టీచరు మంచి సలహా ఇచ్చారు. పుల్లతో మట్టిలో గీరినప్పుడు ఎ-ఏ, ఒ-ఓ, ప-వ విడిగా తెలియవు, కాబట్టి ప్రతి జంటలో ఒకదాన్నే ఉంచమన్నారు. 6, 9 సంగతి బాణమే చూసుకుంటుంది.

రిజిస్టరులో ప్రతి చిరునామా ఎదుట పిల్లల పేరు రాస్తున్నాం, కాల్చకముందు ఫొటో తీస్తున్నాం.

వేరు ఎలా దాటుతుంది

వేరు వెళ్లే పలకలు డెబ్బైకి పైగా ఉన్నాయి. ఒకరి పలకలోంచి ఇంకొకరి పలకలోకి వేరు తెగకుండా పోవాలి. పూర్తి సైజు కాగితం మీద వేరు గీసి, పలక అంచును అది ఎక్కడ దాటుతుందో, అక్కడ ఎంత లావుందో మాత్రమే ఒక పట్టీ మీద గుర్తుపెట్టాం. పిల్లలకు ఆ అంచు గుర్తులే ఇస్తున్నాం. ఇక్కడ మొదలుపెట్టి అక్కడికి చేర్చాలి, నడుమ దారి వాళ్లది. కొందరు తిన్నగా తీసుకెళ్లారు. ఒకడు రాయి చుట్టూ రెండుసార్లు మెలిపెట్టాడు. వరుసగా పెట్టి చూస్తే అన్నీ కలిసిపోతున్నాయి. వేళ్లు నిజంగా పోయేది అలాగే కదా.

గుర్తులు లేనిచోట కూడా పిల్లలు హద్దు దాటుతున్నారు. ఐదో తరగతి పిల్ల చేసిన వానపాము ఆమె పలకలో పట్టలేదు. తోక చిన్నది చేయమని పక్కవాళ్లు చెబుతుంటే ఒప్పుకోలేదు. రిజిస్టరు తెరిచి కుడి పక్క చిరునామా ఎవరిదో చూసింది. ఆ పలక తొమ్మిదో తరగతి అబ్బాయిది. మధ్యాహ్నం విరామంలో అతని దగ్గరికి వెళ్లి, "అన్నా, నా వానపాము తోక నీ పలకలోకి రావచ్చా?" అని అడిగిందట. అతను అప్పటికే అక్కడ చీమల గది చేసేశాడు. ఇద్దరూ కలిసి నా దగ్గరికి వచ్చారు. పలకలు పక్కపక్కన పెట్టి, చీమల గదిని కాస్త పైకి జరిపి, కింద తోకకు దారి చేశారు. అతికించే చోట రెండింటి మీదా గీతలు గీరి, పలచటి మట్టిగుజ్జు రాసి, వేలితో నొక్కి కలిపారు. ఆ చీమల్లో ఒకటి ఇప్పుడు వానపాము తోక మీద నిలబడి ఉంది. ఆ చీమను ఎవరు పెట్టారో ఇద్దరూ చెప్పడం లేదు.

ఈ గోడ ఎందుకు చేస్తున్నామని ఎవరైనా అడిగితే ముందు ఆ రెండు పలకలే చూపిస్తాను.

ఆరబెట్టడం

పలక అంచులు ముందు ఆరతాయి, నడుమ భాగం తర్వాత ఆరుతుంది. ఆ తేడా వల్లే మూలలు పైకి లేస్తాయి. రెండు జిప్సం బోర్డుల నడుమ పెట్టి, పైన ప్లాస్టిక్ కప్పి, నెమ్మదిగా ఆరనిస్తున్నాం. ఎత్తు బొమ్మలున్న పలకల మీద బోర్డు ఆనదు, వాటి అంచులకు మాత్రం ప్లాస్టిక్ పట్టీలు చుట్టాం.

పూర్తిగా ఆరిందో లేదో తెలుసుకోవడానికి చెంపకు ఆనించి చూడమన్నాను. లోపల తడి ఉంటే అది ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది, పలక చల్లగా తగులుతుంది. ఆరిన పలక గదిలోని వేడితోనే ఉంటుంది. ఇప్పుడు పిల్లలు వరుసగా నిలబడి, కళ్లు మూసుకుని, పలకలను చెంపలకు ఆనించుకుని "ఇంకా ఉంది మేడం", "అయిపోయింది మేడం" అంటున్నారు. సైన్సు టీచరు ఆ వరుస ముందే ఆవిరి పాఠం చెప్పేశారు.

గది శుభ్రం గురించి గట్టిగా చెప్పాల్సిందొకటి ఉంది. ఎండిన మట్టిని చీపురుతో ఊడ్చకూడదు. అందులోని సన్నటి సిలికా ధూళి గాలిలో తేలి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి స్పాంజితో తుడవాలి, బకెట్టులో పిండాలి. రోజూ చివరి పది నిమిషాలు అదే పని.

మొదటి కాల్పు

రాత్రంతా 90 డిగ్రీల దగ్గర నిలిపాం. 100 దాటితే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై, దారి లేకపోతే పలకనే పగలగొడుతుంది. అక్కడినుంచి గంటకు వంద డిగ్రీల చొప్పున పెంచాం, 573 దగ్గర మాత్రం ఇంకా నెమ్మదిగా. ఆ ఉష్ణోగ్రతలో మట్టిలోని స్ఫటికం ఒక్కసారి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే మళ్లీ కుదించుకుంటుంది. వెయ్యి డిగ్రీలకు చేరాక ఆపేశాం. వంద లోపుకి దిగేదాకా తలుపు తీయలేదు, పిల్లలు ఎంత బతిమాలినా.

ఒక పలక పేలింది. బాగా లావుగా చేసిన కప్ప, దాని పొట్టలో తడి మిగిలి ఉంది. చేసినవాడు నాలుగో తరగతి పిల్లవాడు. ముక్కలన్నీ ఏరి ట్రేలో పెట్టి అతనికే ఇచ్చాను. కొత్తది చేస్తావా, దీన్నే అతికిద్దామా అని అడిగితే చాలాసేపు ముక్కలు అటూ ఇటూ తిప్పి చూశాడు. బార్సిలోనాలోని పార్క్ గ్యుయెల్‌లో వాస్తుశిల్పులు గౌడి, జుజోల్ పగిలిన పలకల ముక్కలతో చేసిన పొడవైన వంపుల బల్ల ఫొటో చూపించాను. దాన్ని చూసి, "ముక్కలను రాళ్ల వరుసలో పెడదాం, కప్పను మళ్లీ చేస్తాను" అన్నాడు. కొత్త కప్పకు అడుగు నుంచి పొట్ట తొలిచి బోలుగా చేశాడు, గాలి పోయేందుకు సన్నటి రంధ్రం పెట్టాడు.

రంగులు

ముందు నమూనా ముక్కల మీద ఆరు రంగులూ ఒక పూత, రెండు పూతలు, మూడు పూతలు వేసి కాల్చి చూశాం. రెండు పూతలకు చారలు పడుతున్నాయి, మూడు పూతలే సరైనవి. పిల్లలు వాడేవన్నీ సీసం లేని తయారీ అండర్‌గ్లేజులు, అంటే గ్లేజు కింద వేసే రంగులు. రాగి, ఇనుము పొడులు కలిపే పని మాత్రం ముసుగు, చేతి తొడుగులు వేసుకుని పెద్దవాళ్లమే చేశాం. మా విద్యుత్ బట్టీలో గాలి ఆడుతుంది కాబట్టి రాగి ఆకుపచ్చగా వస్తుంది. గాలి అందని బట్టీలో అదే రాగి ఎర్రబడుతుంది. ఈ మాట విన్న రోజు నుంచి పెద్ద తరగతి పిల్లలు రసాయన శాస్త్రం టీచరును వదలడం లేదు.

గ్లేజు పెట్టాక పలక వెనుక వైపు, అంచులు తడి స్పాంజితో శుభ్రంగా తుడవాలి. ఒక్క చుక్క మిగిలినా అది కరిగి, పలకను బట్టీ అరకు అతికించేస్తుంది.

ఒక వాదన

రెండో కాల్పు నుంచి బయటికి తీసిన పలకలను హాలు నేల మీద చిరునామా ప్రకారం పరిచాం. చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన, కొన్ని పలకలు బాగాలేవనీ, వాటిని ఎవరైనా చేయి తిరిగినవారితో మళ్లీ చేయిస్తే గోడకు అందం వస్తుందనీ అన్నారు. గౌరవంగానే అన్నారు, గోడ బాగుండాలనే అన్నారు. నేను ఒప్పుకోలేదు.

ఆయనకు చిత్రకారుడు మిరో సంగతి చెప్పాను. పారిస్‌లోని యునెస్కో ప్రధాన కార్యాలయం కోసం జువాన్ మిరో, కుమ్మరి కళాకారుడు ఆర్తిగాస్ కలిసి సూర్యుడి గోడ, చంద్రుడి గోడ చేశారు, 1958లో అవి నిలబడ్డాయి. మొదట కాల్చిన పలకలు మరీ లెక్కగా, చతురస్రంగా వచ్చాయని పక్కన పెట్టేశారు. హెచ్చుతగ్గులున్న పలకలతో మళ్లీ మొదలుపెట్టారు. చేయి కనబడాలని అంత పెద్దవాళ్లు పడ్డ తపన మన పిల్లల పలకల్లో అడగకుండానే ఉంది. దాన్ని తీసేసి నున్నగా చేయడం నాకు చేతకాదు. అన్నిటికన్నా ముఖ్యం, తన పలక చోట ఇంకొకటి ఉందని తెలిసిన పిల్ల ఆ మెట్లు ఎలా ఎక్కుతుంది?

ఆయన కాసేపు నేల మీద పరిచిన వరుసల చుట్టూ తిరిగారు. తర్వాత చెప్పులు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, పిల్లలతో పాటు పలకలు సర్దడం మొదలుపెట్టారు.

గోడ మీదికి

రసమట్టంతో చూసి, అడుగున తిన్నటి చెక్క పట్టీ మేకులతో బిగించాం. మొదటి వరుస దాని మీద కూర్చుంటుంది, పై బరువుకు జారదు. పళ్ల తాపీతో గుజ్జు పరిచి, పలక వెనుక కూడా పలచగా రాసి, కాస్త జరుపుతూ నొక్కాలి. మేస్త్రీ మధ్యమధ్య ఒక పలకను ఊడదీసి వెనుక నిండా గుజ్జు అంటిందా అని చూస్తున్నారు. ఖాళీ ఉంటే అక్కడ తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తుంది. ఒకేసారి ఎక్కువ మేర పరిస్తే గుజ్జుకు పైపొర కట్టేసి పలక పట్టదు, అందుకే నాలుగైదు పలకల మేరకే వేసుకుంటూ పోతున్నారు. ఎత్తు బొమ్మలను సుత్తితో తట్టలేం, స్పాంజి అడ్డుపెట్టి అరచేత్తో నొక్కాల్సిందే.

పిల్లలు ఇద్దరిద్దరుగా వచ్చి, తమ పలకను తామే మేస్త్రీకి అందిస్తున్నారు. ఆయన ప్రతిసారీ వెనుక తిప్పి చిరునామా పైకి చదువుతారు, రిజిస్టరు పట్టుకున్న పిల్ల పేరు చదువుతుంది.

సందులు

పలకల నడుమ సందుల్లో నింపే గుజ్జు (గ్రౌటు) రంగు కోసం ఒక చెక్క మీద మిగులు పలకలు అతికించి మూడు రంగులు వేసి చూశాం. తెల్లటి గ్రౌటు వేస్తే ముందు సందులే కనబడ్డాయి, బొమ్మ వెనక్కు పోయింది. ముదురు గోధుమ రంగుతో సందులు మట్టిలో కలిసిపోయాయి, వేరు తెగకుండా నడిచింది. వెంటనే ఖాయం చేశాం.

మామూలు టైల్స్ మీద వేసినట్టు గ్రౌటును మొత్తం మీద పూసి తుడవడం ఇక్కడ కుదరదు. గ్లేజు లేని గరుకు మట్టి దాన్ని పట్టేసుకుంటుంది, చీమల కాళ్ల మధ్య ఇరుక్కున్నది మళ్లీ రాదు. కోన్ సంచిలో నింపి, సందులోకే పిండుతూ, వెంట వెంట తడి స్పాంజితో అంచులు తుడుస్తూ పోయాం. నిదానమైన పని. పెద్ద తరగతి పిల్లలు వంతులవారీగా వచ్చి ఎంతో ఓపికగా చేశారు.

స్తంభాన్ని ఆనుకునే రెండు అంచుల్లో గ్రౌటు వేయలేదు. గోడ, స్తంభం వేర్వేరుగా కదులుతాయి, గట్టి గ్రౌటు అక్కడ పగులుతుంది. ఆరు మిల్లీమీటర్ల సందు వదిలి సాగే సీలెంటు నింపాలి.

మిగిలిన పనులు

సీలెంటు వచ్చే వారం. గోడ పక్కన చిరునామాల పటం పెట్టాలి, ఎవరి పలక ఎక్కడుందో కొత్తగా వచ్చే పిల్లలకు కూడా తెలియాలి. పటం గీసే బాధ్యత వానపాము పిల్ల, చీమల అబ్బాయి తీసుకున్నారు. మిగులు పలకలు, ఆరు రంగుల నమూనా ముక్కలు, కొంచెం గ్రౌటు, మట్టి పేరు, కాల్పు ఉష్ణోగ్రతలు రాసిన కాగితం ఒకే పెట్టెలో పెట్టి ఆఫీసు బీరువాలో ఉంచాం. ఎప్పుడైనా ఏదైనా పలక దెబ్బతింటే అదే మట్టితో, అదే కొలతతో, వీలైతే చేసిన చేతులతోనే మళ్లీ చేయించాలి.